ఎర్ర మాత్రలు, చిమ్మిలి ఉండలు

మా బడిలో గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడపిల్లలకు తలా ఒక ఇనుము మాత్ర పంచుతారు. నీలం రంగులో చిన్నగా ఉంటుంది. నేను ఆ బడిలో ఆటల టీచర్ని. గొంతు పెద్దది, మెడలో ఈల ఉంటుంది, అందుకని ఆ పంపకం నాకే అంటగట్టారు. సగంమంది పిల్లలు మాత్రని నాలుక కింద దాచుకొని, నీళ్ళు తాగినట్టు నటించి, కుళాయి వెనక ఉమ్మేస్తారు. పట్టుకొని అడిగితే ఒకతె అంటుంది, "వేసుకుంటే లావైపోతామంట మేడం." ఇంకొకతె, "నల్లబడతామంట." మూడోది నేల చూస్తుంది. నాకు ఒళ్ళు మండుతుంది. నాలుగు చీవాట్లు పెట్టి, నా ఎదుటే మింగి నోరు తెరిచి చూపించమంటాను. వాళ్ళు నన్ను వెనకాల రాక్షసి అంటారని తెలుసు. అననీ.

నా చిన్నతనంలో ఈ మాత్ర ఎర్రగా ఉండేది. మా బడిలో ఎప్పుడూ ఇవ్వలేదు. కడుపుతో ఉన్నవాళ్ళకి నర్సమ్మ ఇంటింటికీ తిరిగి ఇచ్చేది. మా ఊళ్ళో దాన్ని బలం మాత్ర అనేవాళ్ళు. ఏ ఇంటి గూట్లో ఆ ఎర్ర మాత్రల అట్ట కనిపించినా ఆ ఇంట్లో ఎవరో నీళ్ళోసుకున్నారని లెక్క. వేరే చాటింపు అక్కర్లేదు. పెళ్ళి కాకుండా ఆ మాత్రలు సంచీలో పెట్టుకొని మా ఊళ్ళో బస్సు దిగింది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మాది వినుకొండ అవతల నల్లరేగడి పల్లె. మాకు పొలం లేదు. నాన్న నేను బడిలో చేరకముందే పోయాడు. అమ్మ చర్చి వీధి ఆడవాళ్ళ ముఠాతో కలిసి వానాకాలం పత్తిలో కలుపు తీసేది, సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా మిరపకాయలు కోసేది. కోసిన కాయల మూటలు సాయంత్రం నెత్తికెత్తుకొని కల్లానికి చేర్చాలి. బడి లేని రోజుల్లో నేనూ వెళ్ళి ఆ మూటలన్నీ లేపి ఒక్కొక్కరి నెత్తినా పెట్టేదాన్ని. ఆ సంగతి మా హైస్కూలు డ్రిల్లు మాస్టారి చెవిన పడింది. ఆయన నన్ను గుంటూరులో ఎంపికలకి తీసుకెళ్ళారు. అట్లా పదో తరగతి కాగానే ఆటల హాస్టల్లో చేరి బరువులెత్తడం మొదలుపెట్టాను. ఇది రెండువేల సంవత్సరం అటూ ఇటూ మాట.

హాస్టల్ నాకు నచ్చింది. ఈ మాట ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పబోయేదంతా ఫిర్యాదులా ఉంటుంది. చేతులకి సుద్దపొడి రాసుకోవడం, బిళ్ళలు తగిలించిన కడ్డీ చెక్క మీద పడ్డప్పుడు కాళ్ళ కింద అదిరే అదురు, అన్నీ నచ్చాయి. కడ్డీ తల మీద నిలబడి, మోకాళ్ళు వణకడం మానేసిన ఆ కాసేపు లోకంలో నాకంటే పొడుగు మనిషి లేదనిపించేది. నా ఎత్తు ఐదడుగులు కూడా లేదు.

ఆడపిల్లలకి ఆ ఆటలో అన్నిటికంటే చిన్న తరగతి అప్పట్లో నలభై ఎనిమిది కిలోలు. దాని పైది యాభై మూడు. నేను సుబ్బరంగా తింటే యాభై రెండుండేదాన్ని. కానీ యాభై మూడులో నా గదిలో ఉండే అమ్మాయి అప్పటికే పాతుకుపోయింది. పొదిలి వైపు పిల్ల, మంచిది, నాకంటే ఎక్కువ ఎత్తేది. మా హాస్టల్ నుంచి ఒక తరగతికి ఒకరినే పోటీలకి పంపేవాళ్ళు. "నలభై ఎనిమిది ఖాళీగా ఉందమ్మా. నాలుగు కిలోలే కదా, దించెయ్" అన్నారు కోచ్ గారు. ఆయన చెడ్డవాడేం కాదు. కడ్డీకి బిళ్ళ తగిలించినంత తేలిక, తీసినంత తేలిక అనుకున్నారు. నలభై ఎనిమిదిలో నెగ్గితే రాష్ట్రం తరఫున జాతీయ పోటీలకి వెళ్తాను, హాస్టల్లో ఉంటాను. లేకపోతే ఏడాది చివర పెట్టె సర్దుకొని ఇంటికి. మాకు ఇల్లంటే మిరపచేనే. నా బతుకంతా ఆ నాలుగు కిలోల మీద ఉందనుకున్నాను.

దించడానికి తలా ఒక ఉపాయం చెప్పారు. అన్నం మానేశాను. రాత్రికి ఒక అరటిపండు, ఒక్కోరోజు గుడ్డులో తెల్లసొన. పాలూ పంచదారా లేని టీ మాత్రం ఎన్నిసార్లైనా. ఎరువుల బస్తాలో వచ్చే ప్లాస్టిక్ లోసంచీని కడిగి, చొక్కా కింద తొడుక్కొని మిట్టమధ్యాహ్నం గ్రౌండు చుట్టూ పరుగెత్తేదాన్ని. తూకం దగ్గరపడితే చింతపండు చప్పరిస్తూ సీసాలో ఉమ్మేదాన్ని. ఉమ్మి కూడా బరువేనట. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు మాత్రం ఆ సీసా నిండితే సంతోషం వేసేది.

ఆకలి కొన్నాళ్ళకి అలవాటైంది. ఒంటరితనమే కాలేదు. మెస్ గంట కొట్టగానే హాస్టలంతా కిందికి పరుగెత్తేది. నేను మేడ మీద నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చునేదాన్ని. కింద కంచాల చప్పుడు, తాలింపు వాసన, ఎవరో ఎవరినో ఏడిపిస్తే పెద్దగా నవ్వులు. మొదట్లో వాళ్ళతోపాటే కూర్చునేదాన్ని, ఖాళీ చేతులతో. నేను చూస్తుంటే వాళ్ళకి ముద్ద దిగేది కాదు. దూరంగా కూర్చుంటే పొగరన్నారు. తినే మనుషుల మధ్య తినని మనిషికి చోటుండదని నాకు అప్పుడే తెలిసింది. నా గదిలో పిల్ల కూడా తను తిన్నది చెప్పకుండా మూతి తుడుచుకొని వచ్చేది, నన్ను బాధపెట్టకూడదని. ఆ మంచితనం నన్ను ఇంకా దూరం చేసింది.

దసరా ముందు నెలసరి ఆగిపోయింది. పీడా పోయిందనుకున్నాను. జుట్టు దువ్వెనకి వస్తే నీళ్ళు పడలేదనుకున్నాను. మెట్లెక్కుతుంటే గుండె దడదడలాడేది. అన్నిటికంటే చిత్రం, బలపాల మీద మనసు పోయింది. చిన్నపిల్లలు పలక మీద రాసుకునే బలపాలు. దుకాణంలో కొని, జేబులో వేసుకొని, ఎవరూ చూడకుండా పటపట కొరికేదాన్ని. వాటితో బరువు పెరగదులే అని ధైర్యం. ఇవేవీ ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి మనిషి కావాలి కదా.

జనవరిలో ప్రభుత్వాసుపత్రి నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి హాస్టల్ పిల్లలందరినీ చూసింది. నా కింది రెప్ప లాగి చూసి, మళ్ళీ రెండో రెప్ప లాగి చూసింది. రక్తపరీక్ష రాసింది. రక్తం ఉండాల్సిన దానికంటే బాగా తక్కువుందని తేలింది. నా చేతిలో ఎర్ర మాత్రల అట్టలు పెట్టి, "అన్నం తిన్నాక వేసుకో" అంది. వెనక వరస పొడుగ్గా ఉంది. అన్నం తింటున్నావా అని ఆవిడ అడగలేదు, తినడం లేదని నేను చెప్పలేదు.

మాత్ర నేను శ్రద్ధగానే వేసుకున్నాను. అన్నం లేదు కాబట్టి టీతో. ఖాళీ కడుపులో అది పడగానే వికారం వచ్చేది, సగం రోజులు వాంతి అయ్యేది. నిలిచిన రోజున కడుపు బిగుసుకుపోయి తూకంలో అరకిలో ఎక్కువ చూపించేది. మాత్ర వేసుకుంటే తూకం పెరుగుతుంది, మానేస్తే కళ్ళు తిరుగుతాయి. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అదీ నా పని. ఒకరోజు కడ్డీ భుజాల దాకా తెచ్చి వదిలేశాను. కళ్ళు మసకేశాయి. కోచ్ గారు భయపడ్డారు. "మీ ఇంటికెళ్ళి రెండు వారాలుండి రక్తం పట్టించుకొని రామ్మా" అన్నారు. నేను గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచి, "బరువు మాత్రం పెంచుకోకు" అన్నారు.

అంతకుముందే అమ్మకి కబురు వెళ్ళింది, నాకు రక్తం తక్కువుందని. గుంటూరు యార్డుకి మిరపకాయల లారీతో వచ్చిన మా ఊరి మనిషి చేత డబ్బా నిండా చిమ్మిలి ఉండలు పంపింది. నువ్వులూ బెల్లమూ రోట్లో వేసి, నూనె పైకి తేలేదాకా దంచి ఉండ కడతారు. మా వైపు ఆడపిల్ల పెద్దమనిషైనప్పుడు పెడతారు, నడుముకి బలమనీ రక్తం పడుతుందనీ. నాకు పన్నెండో ఏట అమ్మ తొమ్మిది రోజులూ పెట్టింది. ఆ డబ్బా మూత తీసి వాసన చూశాను. మళ్ళీ చూశాను. నా గదిలో పిల్లకి ఇచ్చేశాను. తను వద్దు వద్దంటూనే వారంలో ఖాళీ చేసింది.

ఫిబ్రవరిలో ఇంటికి వెళ్ళాను. మిరపకోతలు ముమ్మరంగా ఉన్నాయి. అమ్మ నన్ను చూసి, "ఏందే ఇట్టా అయ్యావు" అని ఒక్కమాట అని, పొయ్యి ముట్టించి గోంగూర పప్పు చేసింది. బస్సులో తిన్నానని చెప్పాను. మర్నాడు ఆకలి లేదని, ఆ మర్నాడు తర్వాత తింటానని. అమ్మ పొద్దున్నే చేలోకి వెళ్తే ఇల్లంతా ఖాళీ. గూట్లో మాత్రలు, ఉట్టి మీద అన్నం, మధ్యలో నేను. అక్కడ కూర్చోలేక నేనూ ముఠాతో చేలోకి వెళ్ళడం మొదలుపెట్టాను. పని మధ్యలో కల్లం దగ్గరికి పోయి, ప్లాస్టిక్ సంచీ తొడుక్కొని, ఎండబోసిన కాయల చుట్టూ తిరిగేదాన్ని. ఆ వేడికీ ఆ ఘాటుకీ చెమట ధారగా కారేది, దగ్గు ఆగేది కాదు. టిక్కీలు, అంటే మిరప బస్తాలు, తూచే కాటా మీద ఎక్కి నిలబడితే గుమాస్తా నవ్వాడు. "మిరపకాయల టిక్కీ కంటే కాస్త మొగ్గుతున్నావమ్మాయ్" అన్నాడు. ముల్లు నలభై ఎనిమిదిన్నర దగ్గరుంది. నాకు ఆ నవ్వు పట్టలేదు, అరకిలో పట్టింది.

మా ముఠాలో ఒక పద్ధతి ఉంది. మధ్యాహ్నం గట్టు మీద గుండ్రంగా కూర్చొని గిన్నెల మూతలు తీశాక ఎవరి కూర వాళ్ళు తినెయ్యరు. ముందు తన కూరలోంచి కాస్త కాస్త అందరి గిన్నెల్లో వెయ్యాలి. కారానికి మండే చేతులతోనే వేస్తారు. పచ్చడి మెతుకులు తెచ్చుకున్నది కూడా పది కూరలతో తింటుంది. వేసింది వద్దంటే అలిగినట్టు, లేదా ఒంట్లో ఏదో ఉన్నట్టు. నేను గిన్నెకి చెయ్యి అడ్డం పెట్టి, "నాకొద్దు" అన్నాను. రెండోరోజూ అంతే. మూడోరోజు నన్నెవరూ అడగలేదు. వాళ్ళ చేతులు నా పక్కనించి అమ్మ గిన్నెలోకి వెళ్ళాయి. హాస్టల్ మేడ మీద కూడా అంత ఒంటరిగా లేను.

ఆ రోజే భోజనాలయ్యాక మేస్త్రి తెచ్చిన టీతో ఎర్ర మాత్ర వేసుకున్నాను. కాసేపటికే చేనుగట్టు మీద వాంతి చేసుకున్నాను. వంగినప్పుడు జేబులోంచి బలపాలు జారి మట్టిలో పడ్డాయి. బలపాలూ మట్టీ మీద ఎప్పుడు మనసు పోతుందో మా వైపు ఆడవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. ముఠాలో అందరికంటే పెద్దామె ఆ బలపాలు ఏరి నా చేతిలో పెట్టింది. తర్వాత అమ్మ వైపు తిరిగి, గొంతేమీ తగ్గించకుండా అడిగింది.

"ఏమే, నీ కూతురు నీళ్ళోసుకుందా ఏంది?"

 అమ్మ వంగి కాయలు కోస్తూనే ఉంది, మామూలు కంటే వేగంగా.

సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక గూట్లోంచి మాత్రల అట్ట తీసి నా ముందు పెట్టింది.

"ఇవి నాకూ ఇచ్చారు. నువ్వు కడుపులో ఉన్నప్పుడు."

"రక్తం తక్కువుందంటమ్మా. డాక్టరమ్మ ఇచ్చింది. నీకు కబురొచ్చింది కదా."

"బయట చేరి ఎన్నాళ్ళయింది?"

అబద్ధం చెప్పాలని తోచలేదు. "దసరా ముందు" అన్నాను.

అమ్మ ఆ అట్టని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "పెళ్ళికాని పిల్లకి రక్తం యాడికి పోద్దే?"

 నిజంగానే నాకు తెలియదు. తిండికీ దానికీ సంబంధముందని నాకు ఎవరూ చెప్పలేదు. "నేనే తప్పూ చెయ్యలేదమ్మా" అన్నాను. అమ్మ "సరే" అంది. నమ్మిన మనిషి అట్లా అనదు. ఆ తర్వాత నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. కొట్టినా బాగుండేది. పక్కపక్కనే పడుకునేవాళ్ళం, మధ్యలో ఊరంత దూరం.

ఆదివారం చర్చిలో చాప మీద మా పక్కన కూర్చునేవాళ్ళు ఇంకో చాప వెతుక్కున్నారు. అయ్యగారు దారి తప్పిన బిడ్డల కోసం ప్రార్థన చేశారు. ఆయన ప్రతి ఆదివారమూ చేసే ప్రార్థనే అది. ఆ రోజు మాత్రం నా పేరు పెట్టి చేసినట్టే అనిపించి తల వంచుకున్నాను. అమ్మ తల ఎత్తే కూర్చుంది.

సోమవారం అమ్మ కూలికి పోలేదు. కోతల రోజుల్లో అమ్మ పని మానడం నేనెప్పుడూ చూడలేదు. నన్ను వినుకొండ తీసుకెళ్ళి ఒక లేడీ డాక్టరు దగ్గర కూర్చోబెట్టింది. ఏమైందని డాక్టరు అడిగితే, "మీరే చూడండమ్మా" అంది తప్ప ఇంకోమాట అనలేకపోయింది. పరీక్ష చేయించారు. బయట బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. అమ్మ పెదాలు కదులుతున్నాయి, దేవుణ్ణి ఏమడుగుతోందో నాకు తెలుసు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. ఈ ఒక్క మనిషైనా నన్ను నమ్మకపోతే నేనింకెవరికి చెప్పుకోను అనిపించింది.

"కడుపేం కాదమ్మా" అంది డాక్టరు. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. లేవబోయింది. డాక్టరు కూర్చోమని, నా వైపు తిరిగింది.

"నిన్న ఏం తిన్నావు?"

"పొద్దున టీ అండి. మధ్యాహ్నం టీ. రాత్రి అరటిపండు."

"మొన్న?"

"అదే."

"ఎప్పట్నుంచి?"

నేను చెప్పాను. మొదటిసారి అంతా వరసగా చెప్పాను. నాలుగు కిలోలూ, ప్లాస్టిక్ సంచీ, చింతపండు సీసా, బలపాలు. చెబుతుంటే పరాయి మనిషి కథలా ఉంది. డాక్టరు మధ్యలో ఆపలేదు. అమ్మ డాక్టరు వైపు చూడటం లేదు, నా మణికట్టు చూస్తోంది.

డాక్టరు రెండు మాటల్లో తేల్చింది. తిండి లేక ఒళ్ళు నెలసరిని ఆపేసుకుంది. టీతో వేసుకున్న మాత్రలో ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు, అంతా వృథా. అన్నం తిన్నాక నిమ్మకాయ నీళ్ళతో వేసుకోవాలి, టీ ఆ దరిదాపుల్లో ఉండకూడదు. "అట్లా వేసుకున్నా నెలలు పడుతుంది. మాత్ర అన్నానికి తోడుగా ఇస్తాం, అన్నానికి బదులు ఇవ్వం. ఇట్లా మాడుస్తూ బరువులెత్తితే ఏదో ఒకరోజు ఆ కడ్డీ నీ మెడ మీద పడుద్ది" అంది.

బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. వినుకొండ కొండ వెనకబడింది. తర్వాత నా వైపు తిరక్కుండానే అంది.

"కడుపే అయితే బాగుండేదే."

నేను తెల్లబోయాను.

"నలుగురూ నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వారు, నేను మొయ్యలేనా? తిండి లేక మాడటం మా అమ్మకి తెలుసు, నాకు తెలుసు. నీకు తెలియకూడదనే కదా నేను ఆ చేలల్లో వంగింది. ఎదురుగా అన్నం పెట్టుకొని మాడటం ఏందే?"

అంతే, ఏడ్చింది. బస్సు నిండా జనం. ఎదుటివాళ్ళ గురించి పట్టించుకోకుండా అమ్మ ఏడవడం నాన్న పోయినప్పుడు కూడా చూడలేదని మా పెద్దమ్మ చెప్పేది. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. మిరపకాయల మంటకి తోలు ఊడిన చెయ్యి. మేం ఆ వారమంతా ఒకళ్ళనొకళ్ళం తాకలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఇంటికి వచ్చాక అమ్మ ఎవరింట్లోనో నువ్వులు తెచ్చింది. వేయించి, రోట్లో వేసి, బెల్లం కొట్టి దంచింది. నేను గుమ్మంలో కూర్చొని రోకలి చప్పుడు వింటున్నాను. ఆ కమ్మటి వాసన ఇంట్లోంచి వీధిలోకి పోతోంది. ఉండలు కట్టి కంచంలో పెట్టి, నా ఎదురుగా పీట వేసుకు కూర్చుంది.

"తినమని అనను. నీ ఆట సంగతి నాకు తెలవదు. నువ్వు తింటుంటే చూసి శానా కాలమైంది, అంతే."

ఎంపికలు నెలరోజుల్లోకి వచ్చాయి. కాటా మీద నేను నలభై ఎనిమిదిన్నర. ఒక్క ఉండకి నాలుగు కిలోలు పెరగనని నాకూ తెలుసు. ఒకటి తింటే ఆగననీ తెలుసు. అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. బలవంతపెట్టలేదు, కంచం ముందుకి కూడా జరపలేదు.

తీసుకొని కొరికాను. నూనె వేళ్ళకంటింది. నమలడం మర్చిపోయినట్టు దవడలు నొప్పెట్టాయి. రెండోది తిన్నాను, మూడోది తిన్నాను. తింటూనే ఏడ్చాను. నలభై ఎనిమిది పోయిందని ఏడ్చాను, ఇంకెందుకూ కాదు. నాకు ఆ ఆట అంత ఇష్టం. ఆఖరికి, "అమ్మా, అన్నముందా?" అని అడిగాను. అమ్మ లేచి వెళ్ళిన తీరు ఇప్పటికీ కళ్ళ ముందుంది. పరుగులాంటి నడక.

హాస్టల్‌కి తిరిగి వెళ్ళి కోచ్ గారితో చెప్పాను. "రెండూ నావల్ల కాదండి. రక్తం పట్టాలంటే తినాలి. యాభై మూడులో ఎత్తుతాను." ఆయన బిళ్ళలు సర్దుతూ, "అక్కడ ఎవరున్నారో తెలుసు కదా" అన్నారు. "తెలుసండి" అన్నాను. ఆయన కోప్పడలేదు. ఆ రోజు నుంచి నా వైపు చూడటం మాత్రం తగ్గించారు. నా గదిలో పిల్ల మాట్లాడటం మానేసింది. అప్పటిదాకా స్నేహితురాలిని, ఇప్పుడు పోటీదారుని. మెస్‌లో నా ముందు నిండు కంచం ఉండేది, ఎదుట బల్ల ఖాళీగా ఉండేది. అన్నం తిని, నిమ్మకాయ నీళ్ళతో మాత్ర వేసుకొని, చెయ్యి కడుక్కొని లేచేదాన్ని. ఒంటరితనం తిండితో పోతుందనుకున్నాను కానీ, దాని ఆకలి వేరు.

నెలరోజుల్లో రక్తం పట్టలేదు. డాక్టరు చెప్పిందే నిజం. మా ఇద్దరిలో నా గదిలో పిల్లే ఎక్కువ ఎత్తింది, తనే వెళ్ళింది. బయల్దేరే రోజున ఆమె పెట్టె నేనే బస్సు దాకా మోశాను. బస్సెక్కబోతూ, నా మొహం చూడకుండా అంది, "మీ అమ్మ పంపిన ఉండలన్నీ నేనే తినేశానే." నేను, "పర్లేదులే, నెగ్గి రా" అన్నాను. మనస్ఫూర్తిగా అన్నానో లేదో చెప్పలేను. ఏడాది చివర నా పెట్టె సర్దుకున్నాను.

వానలు పడ్డాయి. ముఠాతో కలిసి పత్తిలో కలుపు తీస్తున్నాను. మెట్లెక్కితే వచ్చే గుండె దడ తగ్గింది, బలపాల మీద యావ పోయింది. వినుకొండ వెళ్ళొచ్చిన సంగతి ఊరికి తెలుసు కాబట్టి ముఠాలో నా మీద చూపులు మాత్రం పోలేదు. కడుపు తీయించుకొచ్చారని ఒక మాట కూడా తిరిగింది. ఎవరి నోరని మూస్తాం? మధ్యాహ్నం నేను అమ్మ వెనక కూర్చొని, మా ఇద్దరి గిన్నెలోదే తినేదాన్ని.

ఒకరోజు పొద్దున లేచేసరికి తెలిసింది. దొడ్లో పేడనీళ్ళు చల్లుతున్న అమ్మ దగ్గరికి వెళ్ళి, చెవిలో చెప్పాను. అమ్మ చేతిలో చెంబు అట్లాగే పట్టుకొని కాసేపు నన్ను చూసింది. "రేపటికి నువ్వులు కావాలి" అంది.

మర్నాడు చేలో గిన్నెల మూతలు తీయగానే అమ్మ తన గుడ్డమూట విప్పింది. కూరల కంటే ముందు లేచి, గుండ్రంగా తిరుగుతూ ఒక్కొక్కరి గిన్నెలో ఒక చిమ్మిలి ఉండ పెట్టింది. చర్చిలో చాప మార్చుకున్నవాళ్ళకీ పెట్టింది.

"ఎవరింట్లో శుభకార్యమే?" అంది పెద్దామె.

"మా అమ్మాయి బయట చేరింది."

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దామె నవ్వలేదు కానీ, "ఈ వయసులో మళ్ళీ పెద్దమనిషైందా?" అంది.

"అయింది" అంది అమ్మ. "మొదటిసారి నేనే చూసి తెలుసుకున్నా. ఈసారి అది తనే వచ్చి నాతో చెప్పింది."

 పెద్దామె ఉండ తుంపి నోట్లో వేసుకొని నమిలింది. తర్వాత తన గిన్నెలోంచి దోసకాయ పప్పు గరిటెడు తీసి, అమ్మ మీదుగా చెయ్యి చాపి, నా గిన్నె మీదికి తెచ్చి ఆపింది. వెయ్యనా అని అడగలేదు. ఆగింది, అంతే.

నేను చెయ్యి అడ్డం పెట్టలేదు.